కుడివైపు మడ్‌గార్డు

కొత్త రేకు ఏది షెడ్డులోకి వచ్చినా అక్క ముందు దాన్ని కళ్ళతో చూడదు. బల్ల మీద పెట్టించి, ఉతికి ఉతికి పలచబడిన నూలుగుడ్డ ఒకటి దాని మీద పరిచి, గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా జరుపుతుంది. వట్టి చేత్తో తడిమితే చర్మం రేకుకి పట్టేస్తుందట. మధ్యన గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది, జారే చేతికి వెంట్రుకవాసి ఎత్తుపల్లం కూడా దొరికిపోతుందట. ఈ శాస్త్రం ఎక్కడ రాసి ఉందని తమ్ముడు చాలాసార్లు అడిగాడు. "రాసి ఉంటే నాకెలా తెలుస్తుందిరా, నేను చదివిందెప్పుడు?" అనేది అక్క.

పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే షెడ్డు అది. ఆ కార్లు తయారుచేసిన ఫ్యాక్టరీలు ఎప్పుడో మూతపడ్డాయి. బానెట్ తుప్పుపట్టినా, తలుపు సొట్టపోయినా అసలుది దొరకదు. అచ్చం అలాంటిదేనంటూ ఎవరో కొత్తగా చేసి అమ్మేదే గతి. ఆ "అచ్చం అలాంటిదే" అన్న మాట దగ్గరే అక్కకి పేచీ. పెట్టె మీద "ఈ మోడల్ కార్లన్నిటికీ ఖచ్చితంగా సరిపోతుంది" అని ఉందని చదివి వినిపిస్తే పెట్టె విప్పకముందే నవ్వేది. "అందరికీ సరిపోయే చొక్కా ఎవరికీ సరిపోదు" అనేది. విప్పి తడిమాక తీర్పు చెప్పేది. రేకు మరీ పలచనైతే, "దీన్ని గట్టిగా తిడితే చాలు, సొట్ట పడుతుంది." వంపు తప్పితే, "చేసినవాడు కారుని ఫొటోలో చూసినట్టున్నాడు." అంచులూ రంధ్రాలూ అన్నీ కుదిరి, ఎక్కడో చిన్న తేడా కొడితే మాత్రం కాసేపు ఆగి, "వరసకి చుట్టమే, తోబుట్టువు మాత్రం కాదు" అనేది. ఆ చుట్టరికం దొరకడమే గొప్ప. తోబుట్టువని ఆమె నోట అప్పటిదాకా ఎవరూ విన్న పాపాన పోలేదు.

ఆమెకా చెయ్యి ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న బస్సు బాడీలు కట్టేచోట టింకరింగ్ మేస్త్రి. సొట్ట తియ్యాలంటే ఒకవైపు నుంచి సుత్తితో కొడుతుంటే రెండోవైపు నుంచి రేకుకి ఇనపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. కొన్ని సందుల్లోకి నాన్న చెయ్యి దూరేది కాదు, అక్క చెయ్యి దూరేది. భోజనం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళిన పిల్ల అలా దిమ్మ పట్టుకుని, రేకు అవతల పడే దెబ్బల్ని అరచేత్తో వింటూ పెరిగింది. ఆడపిల్లకి ఇదేం పనని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వేసుకున్న వేళ్ళు తియ్యకముందే ఆమె మేస్త్రి అయిపోయింది. పెళ్ళాడిన మనిషి బిస్కెట్ల ఫ్యాక్టరీలో తూకం వేసే ఉద్యోగి. తూచిన వాటిలో కొన్ని లోపలికి కూడా వెళ్ళాయేమో, ఆయనే మంచి తూకానికొచ్చాడు. భార్య సుత్తి దెబ్బ వినబడనంత దూరంలో తనకి నిద్ర పట్టదని చెప్పుకుంటాడు.

ఒకరోజు ఎవరో తాళ్ళు కట్టి లాక్కొచ్చిన పాత రెండు సీట్ల కారొకటి బస్సు షెడ్డు ముందు ఆగింది. బస్సులు తప్ప ఇంకేం ఎరగని అక్క దాని చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. దీపాల దగ్గర మొదలైన వంపు తలుపు మీదుగా వెనక చక్రం దాకా వెళ్ళి ఎక్కడ ఆగిందో ఆమెకి అంతు చిక్కలేదు. ఆ రోజు తెచ్చుకున్న భోజనం విప్పనేలేదు. ఇంటికొచ్చి తమ్ముడితో, "బస్సు రేకు మనం వంచినట్టు వంగుతుందిరా. ఆ కారుని ఎవరో వంచారంటే నమ్మబుద్ధి కావట్లేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం తమ్ముడికి ఇప్పటికీ గుర్తే. బస్సుల పని వదిలేసి, ఈ కార్ల వెనక పడింది అప్పటినుంచే.

తమ్ముడిది వేరే దారి. అతనికి సుత్తి అంటే చిన్నచూపు, కొలతంటే ప్రాణం. ఫ్రిజ్ తలుపులు అచ్చుల్లో నొక్కి తీసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా లేకుండా తలుపులు వరసగా బయటికొస్తుంటే చూసి మురిసిపోయేవాడు. పాత కార్ల మడ్‌గార్డులు కూడా అలా ఎందుకు తియ్యకూడదని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందే తడవు ఉద్యోగం మానేశాడు. సిమెంటు వ్యాపారి ఒకాయన దగ్గర అదే మోడల్ కారు చక్కగా ఉంటే, బతిమాలి దాన్ని అంగుళం వదలకుండా కొలిచాడు. కొలిచింది ఎడమవైపు. కుడివైపు కొలవడం దండగనుకున్నాడు. ముక్కుకి అటున్న కన్నూ ఇటున్న కన్నూ ఒకటే కదా, తిప్పి వేసుకుంటే పోతుంది. ఆ లెక్కన ఎడమకొకటి, కుడికొకటి ఇనప అచ్చులు చెక్కించాడు. ఏడాది కష్టం వాటిలో పోశాడు. ఈ అచ్చుల్లోంచి వచ్చిన మడ్‌గార్డులు కారుకి కుదిరితే అతను నిలబడ్డట్టు. కుదరకపోతే అవి గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకోవడానికి కూడా పనికిరావు, మళ్ళీ ఫ్రిజ్ తలుపుల దగ్గరికి తల వంచుకుని వెళ్ళాల్సిందే.

మొదటి జత పళ్ళ డాక్టరమ్మ కారుకి. ఆవిడ ఆ కారుని ఎర్రటి కొత్తరంగుతో కొన్నది. గోరుతో గీకితే రంగు కింద తుప్పు, తుప్పు మీద దట్టంగా పూసిన లప్పం. అసలు మడ్‌గార్డులు ఎప్పుడో పోతే, పాత యజమాని ఏవో రేకుముక్కలు అతికి పని జరిపేశాడు. "పుచ్చుపన్నుకి సున్నం కొట్టినట్టుంది. మొత్తం తీసెయ్యండి" అంది డాక్టరమ్మ.

ఎడమ మడ్‌గార్డు బిగించిన ఉదయం షెడ్డులో అందరూ చుట్టూ మూగారు. బోల్టులు తోవ వెతుక్కోకుండా రంధ్రాల్లో దిగాయి. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్యనున్న సందు పైనుంచి కిందిదాకా ఒకే గీత గీసినట్టు వచ్చింది. అక్క గుడ్డ పరిచి, చెయ్యి దీపం దగ్గర మొదలుపెట్టి తలుపు మీదికి తెచ్చింది. రేకు మారినచోట ఆమె చెయ్యి ఆగలేదు.

"తోబుట్టువేరా" అంది.

తమ్ముడి కాళ్ళు నేల మీద లేవు. అందరికీ టీ చెప్పాడు. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అన్నారా! టీ చల్లారకముందే కుడి మడ్‌గార్డు ఎత్తి పెట్టారు. పైన అది తలుపుకి తగులుకుంటోంది, కింద వేలు దూరుతోంది. విప్పి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే.

"అక్కా, ఎడమదానికి అద్దంలో బొమ్మ ఇది. వెంట్రుకంత తేడా లేదు. కొలిచి చూపించనా?"

"కొలతలో తేడా లేదని నాకూ తెలుసు."

"మరి?"

"మరేముంది? కూర్చోనంటోంది."

ఇంజన్ తీసి పక్కన పెట్టి ఉండటం వల్లేమోనని అక్కకి అనుమానం వచ్చింది. ఆ కారుకి పైకప్పు లేదు. ముందు బరువు లేకపోతే బాడీ నడుము దగ్గర కొంచెం పైకి లేస్తుంది, తలుపుల సందులు మారిపోతాయి. ఇంజన్ ఉండాల్సిన చోట చెక్కపలక వేసి, ఇసక బస్తాలు పెట్టారు. చాలలేదు. "మీ బావని పిలువు" అంది అక్క.

బావ వచ్చి, పలక మీద బుద్ధిగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కదలకండి. ఊపిరి కూడా చిన్నగా పీల్చండి" అంది అక్క.

"ఇంజన్ ఊపిరి పీల్చదా ఏమిటి?" అన్నాడు బావ.

సందు నూలుపోగంత కదిలింది. అంతే. బావ దిగుతూ, "పోనీ భోజనం చేసొచ్చి మళ్ళీ కూర్చోనా?" అని అడిగాడు కానీ ఎవరికీ నవ్వు రాలేదు.

తమ్ముడికి ఇక ఒకటే దారి కనిపించింది. "ఈ కారు ఎప్పుడో గుద్దుకుంది. కుడివైపు వంకరపోయింది. గొలుసు వేసి లాగితే దారికొస్తుంది" అన్నాడు. అన్నవాడు ఊరుకోక గొలుసు తెచ్చి స్తంభానికి కట్టాడు, కొక్కెం కారుకి తగిలించబోయాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అక్క వచ్చి మధ్యలో నిలబడింది.

"చెప్పు పట్టలేదని కాలు చెక్కుకుంటారట్రా?"

"కాలే వంకరైతే?"

"వంకరో కాదో చూడనీ. అందాకా ఆ గొలుసు ముట్టుకున్నావంటే ఊరుకోను."

ఆ రాత్రి తమ్ముడు సరిగ్గా తినలేదు. ఒక పాత కారు ఎప్పుడో ఏ గోడకో గుద్దుకుని ఉండాలని అంత గట్టిగా కోరుకున్న మనిషి ఇంకొకడు ఉండడు. కారు వంకరైతే అచ్చు సరైనది. కారు సరైనదైతే అచ్చు వంకర. మధ్యేమార్గం లేదు.

మర్నాడు ఇద్దరూ సిమెంటు వ్యాపారి ఇంటికి వెళ్ళారు. ఆయన కారు కొన్నప్పటినుంచీ ఒక్క చేతిలోనే ఉంది, చిన్న గీత కూడా పడలేదు. దాని కుడివైపు కొలవమంది అక్క. కుడి మడ్‌గార్డు అంచు ఆకారంలో కత్తిరించిన అట్టముక్క ఒకటి తమ్ముడి దగ్గరుంది. అది పెట్టి చూశాడు. పైనా కిందా ఆనింది కానీ నడుమ వెలుతురు కనిపించింది. అంటే ఈ కారు ఎడమకీ కుడికీ తేడా ఉంది. పోనీ, డాక్టరమ్మ కారుకున్న తేడాయే దీనికీ ఉందా అంటే అదీ లేదు. ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన రెండు కార్లు, ఎవరి కుడివైపు వాళ్ళది. ఏ గోడా ఏ కారునీ గుద్దలేదు.

షెడ్డుకి రాగానే అక్క కుడి చక్రం విప్పించి, ఆ ఖాళీలోకి దూరింది. తలుపుకి ముందు నిలువుగా ఒక పలక ఉంటుంది. మడ్‌గార్డు వెనక అంచు దాని మీదే కూర్చుంటుంది. ఆ పలక లోపలివైపు ఎవరికీ కనిపించదు. దాని మీద పేరుకున్న మట్టి, తారు, పాత రంగు ఓపిగ్గా గీకింది. చాలాసేపటికి, "ఒరేయ్, ఇలా రా. చెయ్యి పెట్టు" అంది.

"ఏముంది?"

"పెట్టు, చెప్తాను."

పెట్టాడు. నున్నగా ఉంటుందనుకున్న రేకు నిండా చిన్నచిన్న పల్లాలు. గోరంత పల్లం పక్కన గోరంత పల్లం, వరసలు వరసలుగా పైనుంచి కిందికి. ఒక్కటీ లోతు కాదు, ఒక్కటీ తొందరగా పడింది కాదు. అంచు దగ్గరికొచ్చేసరికి వరసలు దగ్గర దగ్గరగా అయ్యాయి.

"గుద్దుకున్న రేకు ముడతపడి బిగుసుకుపోతుంది. ఇది బిగుసుకోలేదు, సాగింది. ఎవరో కూర్చుని సాగదీశారు" అంది అక్క. ఆమె గొంతు గుసగుసగా ఉంది. "అప్పట్లో చెక్క మూస మీద రేకు పెట్టి కొట్టి ఆకారం తెచ్చేవాళ్ళురా. మూస అరుగుతుంది, తడికి ఉబ్బుతుంది. అందులోంచి వచ్చిన ఏ రెండు రేకులూ ఒక్కలా ఉండవు. మన ఎడమది కుదిరిందంటే అదృష్టమే. అప్పుడు ఒక మనిషి ఇక్కడ కూర్చుని, ఈ కారు పలకని ఈ కారు మడ్‌గార్డుకి, ఈ మడ్‌గార్డుని ఈ తలుపుకి చేత్తో కలుపుకొచ్చాడు."

"ప్రతి కారుకీనా?"

"ప్రతి కారుకీ."

తమ్ముడికి ఒళ్ళు గగుర్పొడిచింది. బయటినుంచి చూసినవాళ్ళకి ఒకదాన్ని చూస్తే ఇంకొకదాన్ని చూడనక్కర్లేదనిపించే కార్లు ఎన్నో ఆ ఫ్యాక్టరీ గేటు దాటాయి. ప్రతిదాని లోపలా ఇలా ఒక అరచేతి మేర దెబ్బలు, అన్నీ వేరువేరు. చూసేవాళ్ళెవరూ లేని చోట, మెచ్చుకునేవాళ్ళెవరూ లేని పని. పని ఎంత బాగా చేస్తే అంతగా మాయమైపోయే పని. ఫ్రిజ్ తలుపులు వరసగా రావడం చూసి మురిసినవాడు, ఇంత విడ్డూరం ఎరక్కుండా ఇన్నాళ్ళెలా బతికాడో అతనికే అర్థం కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

"దెబ్బలన్నీ ఒకేవైపు వాలి ఉన్నాయి చూడు" అంది అక్క. "ఎడమచేతి వాటం మనిషి."

తమ్ముడు బయటికొచ్చి, ముందు గొలుసు విప్పాడు. తర్వాత రేకు కత్తెర తీసుకుని కుడి మడ్‌గార్డు ముందు నిలబడ్డాడు. అది కొలతకి వెంట్రుకవాసి తేడా లేని మడ్‌గార్డు. అక్క కత్తెర కోసం చెయ్యి చాపింది. "నేనే చేస్తాను" అన్నాడు. ఎక్కువైన చోట కత్తిరించాడు, చాలని చోట కొత్తరేకు అతికాడు, మళ్ళీ తలుపుకి పట్టి చూశాడు. అక్క చెప్తూ పోయింది, అతను చేస్తూ పోయాడు. చిన్నచూపు చూసిన సుత్తి అతని చేతికి బొబ్బలెక్కించి పగ తీర్చుకుంది.

పలక అడుగుభాగం తుప్పు తినేసింది. ఆ మేరకి కొత్తముక్క వెల్డింగ్ చేసి, అతుకు అరగదీసి, లోపలినుంచి కొట్టి, పాత వంపుతో కలపాలి. బయట అక్క దిమ్మ ఆనించి పట్టుకుంది. తమ్ముడు సుత్తి తీసుకుని చక్రం ఖాళీలోకి దూరాడు. కుడిచెయ్యి ఎలా తిప్పినా లోపల ఇనపకమ్మీ అడ్డం వచ్చింది. పడుకుని చూశాడు, మోకాళ్ళ మీద చూశాడు. చివరికి సుత్తి ఎడమచేతిలోకి మార్చుకుంటే తప్ప కుదరలేదు. నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోయాడు.

"అక్కా, ఆయనది ఎడమచేతి వాటం కాదు."

"నీకెలా తెలుసు?"

"ఇక్కడ కుడిచెయ్యి పట్టదు."

అక్క అతన్ని బయటికి లాగి, తను దూరి చూసింది. చాలాసేపటికి బయటికొచ్చింది. రెండు చేతులూ పట్టే తలుపు అంచు లోపల తడిమితే, అక్కడి దెబ్బలు రెండోవైపుకి వాలి ఉన్నాయి. నేల మీదే కూర్చుండిపోయింది.

"వాటం లేని చేత్తో కొట్టాడా అన్ని దెబ్బలూ!" అంది. "పొరపాటున ఒక్కటి కూడా పక్కకి పడలేదురా. ఎన్నాళ్ళు నేర్పి ఉంటాడో ఆ చేతికి." తమ్ముడు మళ్ళీ లోపలికి దూరి, ఎడమచేతికి నేర్పడం మొదలుపెట్టాడు. మొదట చెక్కముక్క మీద, తర్వాత పనికిరాని రేకు మీద, ఆ తర్వాతే పలక మీద. కొట్టిన ప్రతి దెబ్బకీ అక్క బయటినుంచి, "కొంచెం కిందికి", "అంత కోపం వద్దు", "ఆ, అలా" అంటూ చేత్తో విని చెప్పేది.

అచ్చుల సంగతి ఏం చేస్తావని బావ అడిగినప్పుడు తమ్ముడి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. "తలుపువైపు అంచు రెండు వేళ్ళ మేర ఎక్కువ వచ్చేలా మారుస్తాను. ఆ అంచు మడవను. కారు మీద పెట్టాకే ఎవరి కారుకి తగ్గట్టు వాళ్ళు కత్తిరించి కొట్టుకోవాలి."

"మరి కొనేవాళ్ళకి ఏం చెప్తావు?"

"సరిపోదని చెప్తాను."

"సరిపోదని చెప్పి సరుకు అమ్మే మొదటి మొనగాడివి నువ్వే" అన్నాడు బావ. అక్క మాత్రం నవ్వలేదు. తమ్ముడి వైపు కొత్తగా చూసింది.

రంగు వెయ్యకముందు చూడటానికి డాక్టరమ్మ వచ్చింది. కుడి సందు ఎడమ సందులాగే ఒకే గీతగా ఉంది. ఆవిడ తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. అప్పుడు అక్క ఆవిడకి జరిగిందంతా చెప్పింది. డాక్టరమ్మ చీరకొంగు నడుముకి దోపుకుని, నేల మీద మోకాళ్ళు ఆనించి, పలక లోపలికి చెయ్యి పెట్టింది.

"నోట్లో అద్దం పెట్టి చూసే చోటు లాంటిదే ఇది కూడా" అంది చివరికి. "ఎవరూ చూడరు. నాలిక్కి మాత్రం తెలుస్తుంది." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఇందులో మీవి ఏవి?"

చూపిస్తానని తమ్ముడు ఆవిడ పక్కనే కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. అడుగున మొదలుపెట్టాడు. ఇది తనది. దాని పై వరసా తనదే. ఇంకొంచెం పైకి వెళ్ళాడు, అదీ తనదేననిపించింది. అతుకు ఈపాటికి తగలాలి. తగల్లేదు. మళ్ళీ కిందినుంచి వచ్చాడు, కళ్ళు మూసుకుని ఒక్కొక్క పల్లాన్నీ తడుముకుంటూ. ఎప్పుడో చనిపోయి ఉండే ఆ మనిషి చెయ్యి ఎక్కడ ఆగిందో, తన చెయ్యి ఎక్కడ అందుకుందో అతనికి దొరకలేదు.

"తెలియట్లేదమ్మా" అన్నాడు.

అక్క అటు తిరిగి ముఖం తుడుచుకుంది. "ఇంకేం మరి, రంగు వేసెయ్" అంది.